కోనన్ ఒక్కసారిగా పుట్టాడా, పాత కథలోంచి పుట్టాడా?

కథల బాటసారి (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. చాలామందిలాగే నేనూ కోనన్ అనే కాల్పనిక వీరుణ్ని మొదట 1982 నాటి సినిమాలోనే చూశాను. అందులో అతను పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, బానిసగా అమ్ముడుపోయి, ఏళ్ల తరబడి ఒక పెద్ద చక్రాన్ని తిప్పుతూ కండలు తిరిగిన మనిషిగా ఎదుగుతాడు. అతని పుట్టుపూర్వోత్తరాలు అవేనని చాలాకాలం నమ్మాను. ఈమధ్య అమెరికన్ రచయిత రాబర్ట్ ఇ. హోవార్డ్ రాసిన మూలకథలు చదవాలని, అన్నిటికన్నా ముందు అచ్చయిన ‘ది ఫీనిక్స్ ఆన్ ది స్వోర్డ్’ తెరిచాను. అందులో బానిసత్వమూ లేదు, చక్రమూ లేదు. అప్పటికే అక్విలోనియా దేశానికి రాజైన ఒక మనిషి, సింహాసనం గెలవడం కన్నా దాన్ని నిలబెట్టుకోవడమే కష్టమని విసుగుచెందుతూ, ఆస్థానంలోని పటాలలో ఖాళీగా ఉన్న ఉత్తరదేశాలను తన చేత్తో పూరిస్తూ కనిపించాడు. ఆ దృశ్యం నాకు ఎంతో నచ్చింది, అదే సమయంలో అయోమయంలోనూ పడేసింది.

నా అసలు సందేహం వేరే ఉంది. తోటి రచయిత క్లార్క్ ఆష్టన్ స్మిత్‌కు 1933 డిసెంబరులో రాసిన ఉత్తరంలో హోవార్డ్ ఇలా చెప్పుకున్నాడు: కొన్ని నెలలపాటు ఊహలు పూర్తిగా ఎండిపోయాయి, ఆ తరువాత కోనన్ అనే మనిషి పెద్దగా శ్రమ లేకుండానే మనసులో ఎదిగి నిలిచాడు, ఆ కథలను కల్పిస్తున్నట్టు కాక ఎప్పుడో జరిగినవాటిని చెబుతున్నట్టే అనిపించింది. అయితే ఆ మొదటి కథ సరికొత్త కథ కాదనీ, వేరొక రాజు గురించి 1929లో రాసి ఎక్కడా అమ్ముడుపోని కథకు తిరగరాత అనీ మరోచోట చదివాను. ఈ రెండూ ఎలా పొసగుతాయి? రచయిత తన పాత్ర పుట్టుక గురించి చెప్పిన మాటను మనం ఎంతవరకు నమ్మవచ్చు? తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

పాత పత్రికల అభిమాని

బాటసారి గారూ, మీరు చదివిన రెండు సంగతులూ నిజమే. అవి ఎలా కలుస్తాయో చూడాలంటే ఆ పాత కథను, కొత్త కథను పక్కపక్కన పెట్టుకోవడం కన్నా మంచి మార్గం లేదు.

పాత కథ పేరు ‘బై దిస్ యాక్స్ ఐ రూల్!’. దాని నాయకుడు కల్, అట్లాంటిస్ నుంచి వచ్చి వలూసియా అనే ప్రాచీన రాజ్యానికి రాజైనవాడు. కల్ పాత్రతో హోవార్డ్ ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో 1929 ఆగస్టులో ‘ది షాడో కింగ్డమ్’ అచ్చువేయించుకున్నాడు. కత్తికీ మంత్రవిద్యకూ ముడివేసే స్వోర్డ్ అండ్ సోర్సరీ కథలకు చాలామంది విమర్శకులు అదే ఆరంభమంటారు. కానీ గొడ్డలి కథను మాత్రం పత్రికలు తిప్పిపంపాయి. అందులో రాజును చంపడానికి కుట్ర ఉంది, రాజును ద్వేషించే ఒక గాయకకవి ఉన్నాడు, వాళ్లతోపాటు ఒక ప్రేమజంట కూడా ఉంది. బానిస యువతిని పెళ్లాడాలనుకున్న ఒక యువ ప్రభువుకు దేశపు ప్రాచీన శాసనం అడ్డువస్తుంది. రాజైనా ఆ శాసనాన్ని మార్చలేడని మంత్రులు అంటారు. కుట్రదారులతో పోరాడి నెత్తురోడుతున్న కల్ చివరికి ఆ శాసనఫలకాన్ని గొడ్డలితో పగలగొట్టి, తన ఆజ్ఞే ఇకమీదట చట్టమని ప్రకటిస్తాడు.

1932 తొలినెలల్లో హోవార్డ్ ఈ కథను మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు కుట్రను ఉంచాడు, కవిని ఉంచాడు, శయనమందిరంలో ఒంటరి రాజు మీద సాయుధులు విరుచుకుపడే ఘట్టాన్నీ ఉంచాడు. ప్రేమజంటను మాత్రం పూర్తిగా తీసేశాడు. ఆ ఖాళీలోకి థోత్-అమోన్ అనే మాంత్రికుడు, పోగొట్టుకున్న అతని ఉంగరం, ఆ ఉంగరం పిలిచిన పిశాచరూపం, రాజుకు కలలో కనిపించి అతని కత్తి మీద ఫీనిక్స్ గుర్తు గీసే ప్రాచీన ఋషి ఎపెమిత్రియస్ వచ్చి చేరారు. ‘వియర్డ్ టేల్స్’ అతీంద్రియ కథల పత్రిక కాబట్టి ఈ మార్పు సంపాదకుడిని దృష్టిలో పెట్టుకొని చేసినదే అనవచ్చు. అప్పటికీ సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్ వెంటనే ఒప్పుకోలేదు, సవరించి పంపమన్నాడు. ఆ సవరించిన ప్రతే 1932 డిసెంబరు సంచికలో వెలువడింది.

ఇంతవరకే చూస్తే తిరగరాతే అని తీర్మానించవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే తీర్మానించాను. కానీ రెండు కథలనూ వరుసగా చదివిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకోక తప్పలేదు, ఎందుకంటే సంఘటనలు అవే అయినా మనిషి అతను కాడు. కల్ తనలోకి తాను చూసుకుంటూ, అద్దాల ముందు కూర్చొని ఏది నిజమో ఏది నీడో తేల్చుకోలేక కుమిలే స్వభావం కలవాడు. కోనన్‌కూ దిగులు ఉంది, అయితే ఆ దిగులు నవ్వునూ, తిండినీ, కొట్లాటనూ అడ్డుకోదు. సందేహాలను అతను తేల్చుకోడు, దాటిపోతాడు. మరొక సూక్ష్మమైన సంగతి కూడా గమనించండి. తనను చంపవచ్చిన కవి రినాల్డోను నరకడానికి కోనన్‌కు చెయ్యి రాదు, ఎందుకంటే గొప్ప కవి ఏ రాజు కన్నా గొప్పవాడనీ, తాను పోయాక కూడా అతని పాట మిగులుతుందనీ నమ్మేవాడతను. చదువు లేని మొరటువాడని లోకం అనుకునే ఈ వీరుడి నోట మొట్టమొదటి కథలోనే ఆ మాట పలికించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

కాబట్టి కథ పాతదే, మనిషి మాత్రం కొత్తవాడు. స్మిత్‌కు రాసిన ఉత్తరంలో కూడా హోవార్డ్ చెప్పింది కోనన్ అనే మనిషి గురించే, ఫలానా కథ గురించి కాదు.

పేరు గురించి ఒక్క మాట. అది ఆ శీతాకాలంలో తొలిసారి తట్టినదేమీ కాదు. అంతకుముందే రాసి, ‘స్ట్రేంజ్ టేల్స్’ పత్రిక 1932 జూన్ సంచికలో అచ్చయిన ‘పీపుల్ ఆఫ్ ది డార్క్’ కథలో, ఒక ఆధునికుడు తన పూర్వజన్మను గుర్తుచేసుకుంటాడు. ఆ జన్మలో అతను నల్లని జుట్టున్న గేలిక్ దోపిడీవీరుడు. అతని పేరు కోనన్, ఒట్టు పెట్టుకునేది క్రోమ్ దేవుడి మీద. సిమ్మీరియా అనే కల్పిత దేశంలో పుట్టిన మన కోనన్‌కు ముందు నడిచిన నీడ అతను.

సరిహద్దు కథల పాఠకురాలు

పై వివరణ చాలా బాగుంది. అయితే రాతప్రతుల పోలికతోనే ఈ ప్రశ్న తీరిపోదని నా అభిప్రాయం, ఎందుకంటే కాగితం మీద కోనన్ పుట్టకముందే అతని దేశం పుట్టింది.

1932 ఫిబ్రవరిలో హోవార్డ్ టెక్సస్ దక్షిణభాగానికి, రియో గ్రాండే నది ఒడ్డు ప్రాంతానికి వెళ్లాడు. అక్కడి మిషన్ అనే ఊళ్లో ‘సిమ్మీరియా’ అనే పద్యం రాశాడు. చీకటి అడవులూ, ఒకదాని వెనుక ఒకటిగా కొండలూ, ఎప్పుడూ మబ్బుపట్టి ఉండే ఆకాశమూ తప్ప అందులో మనిషే లేడు. ఎక్కడో గత జన్మలో చూసిన దేశాన్ని తలచుకుంటున్నట్టు ఉంటుంది ఆ పద్యం. ఆ దృశ్యానికి మూలం, శీతాకాలపు వానమంచులో ఫ్రెడరిక్స్‌బర్గ్ ఎగువన చూసిన కొండల జ్ఞాపకమని హోవార్డే చెప్పాడు. అంటే కోనన్ పుట్టిన దేశం ఏ ఐరోపా పురాణంలోనిదో కాదు, టెక్సస్ నడిబొడ్డునున్న కొండసీమే తడిసి చీకటిపడి సిమ్మీరియాగా మారింది.

మనిషి మాటకు వస్తే, 1935లో స్మిత్‌కే రాసిన మరొక ఉత్తరంలో హోవార్డ్ ఇంకా వివరంగా చెప్పాడు. తాను ఎరిగిన పందెం బాక్సర్లు, తుపాకీ వీరులు, దొంగసారా రవాణాదారులు, నూనెబావుల దగ్గరి రౌడీలు, జూదరులు, నిజాయితీగా కష్టపడి బతికే కూలీలు, వీళ్లందరినీ మనసులోని ఏదో యంత్రం కలిపితే తయారైనవాడు కోనన్ అన్నాడు. ఇది ఏదో అలంకారానికి అన్న మాట కాదు. అతని తండ్రి ఐజాక్ హోవార్డ్ పల్లెటూరి వైద్యుడు, కుటుంబం ఊళ్లు మారుతూ మారుతూ 1919లో క్రాస్ ప్లెయిన్స్‌లో స్థిరపడింది. ఆ చిన్న ఊరి చుట్టుపక్కల 1920ల తొలి సంవత్సరాలలో నూనె బయటపడి, ఒక్కసారిగా డబ్బూ జనమూ తాగుడూ కొట్లాటలూ వరదలా వచ్చిపడ్డాయి. యువకుడు హోవార్డ్ పత్రికలకు నూనెబావుల వార్తలు పంపాడు, మందుల దుకాణంలోని సోడా బల్ల దగ్గర పనిచేశాడు, సర్వేయరుకు సాయంగా వెళ్లాడు. అందుకే కోనన్ కథలలో నాగరికత ఎప్పుడూ పైపూత మాత్రమే. కొంచెం గీకితే చాలు, లోపలిది బయటపడుతుంది. డబ్బు పడగానే ఒక ఊరు ఎలా కుళ్లిపోతుందో కళ్లారా చూసినవాడి నమ్మకం అది. ఇదే విషయం మీద అతను భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్‌తో, 1930లో మొదలైన ఉత్తరాలలో, ఏళ్ల తరబడి వాదించాడు. లవ్‌క్రాఫ్ట్ నాగరికత వైపు, హోవార్డ్ ఆటవికత వైపు నిలిచిన ఆ వాదమే కోనన్ కథలకు పదును పెట్టిందని నేను అనుకుంటాను.

ఈ మాటకు రుజువు కావాలంటే 1935 మే, జూన్ సంచికలలో వచ్చిన ‘బియాండ్ ది బ్లాక్ రివర్’ చదవండి. అందులో అంతఃపురాలు లేవు, రాకుమార్తెలు లేరు. నదికి ఇవతల వలసవచ్చిన రైతుల గుడిసెలు, అవతల అడవిలో తమ నేల కోసం పోరాడే పిక్ట్ తెగలవారు, మధ్యలో ఒక కోట. అమెరికా సరిహద్దు చరిత్రే అది, పేర్లు మాత్రమే మారాయి. కొనజోహారా అనే రాష్ట్రం పేరు కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని కానాజొహారీ పేరును తలపిస్తుంది. కోట పడిపోతుంది, మనం ఇష్టపడిన యువకుడు చనిపోతాడు, అతనితోపాటు నిలబడి పోరాడిన కుక్కా చనిపోతుంది. ఆ కుక్క గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

కథల బాటసారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కథ పాతది, మనిషి కొత్తవాడు, దేశం ఆ ఇద్దరికన్నా ముందుది అనే వరుస ఇప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. మిగిలినది బాల్యం సంగతి. చక్రం తిప్పిన బానిస బాలుడు హోవార్డ్ కథలలో ఎక్కడా లేకపోతే, అసలు కోనన్ బాల్యం గురించి హోవార్డ్ ఏమైనా రాశాడా? మరొకటి, మొదటి కథలోనే రాజుగా ఉన్నవాడిని తరువాతి కథలలో దొంగగా, ఓడదొంగగా చూపిస్తే పాఠకులు గందరగోళపడలేదా?

ప్రతుల పోలిక

బాటసారి గారూ, బానిస బాల్యం ఆ సినిమా కల్పన మాత్రమే. హోవార్డ్ రాసిన 21 పూర్తి కథలలో ఒక్కటీ కోనన్ బాల్యాన్ని చూపదు. మనకున్న ముఖ్యమైన ఆధారం 1936 మార్చి 10 నాటి ఒక ఉత్తరం. పి. షైలర్ మిల్లర్ అనే రచయిత, జాన్ డి. క్లార్క్‌తో కలిసి కోనన్ జీవితాన్ని వరుసక్రమంలో పేర్చి, పటంతో సహా హోవార్డ్‌కు పంపాడు. దానికి హోవార్డ్ ఎంతో ఆదరంగా, వివరంగా జవాబు రాశాడు. వనీర్ దోపిడీదారులతో తన తెగ పోరాడుతుండగా యుద్ధభూమిలోనే కోనన్ పుట్టాడనీ, అతని తాత రక్తవైరం వల్ల సొంత తెగను విడిచి ఉత్తరానికి పారిపోయి వచ్చినవాడనీ అందులో ఉంది. అక్విలోనియా సరిహద్దు కోట వెనేరియం మీద సిమ్మీరియన్లు దాడిచేసిన నాటికి అతనికి పదిహేనేళ్లు. అప్పటికే ఆరడుగుల ఎత్తు, 180 పౌండ్ల బరువు, ఇంకా ఎదగవలసింది చాలా ఉంది. ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’ కథలోని దొంగకు సుమారు పదిహేడు, అక్విలోనియా కిరీటం చేజిక్కించుకున్ననాటికి నలభై. గమనించవలసినదేమిటంటే, ఇతను ఎవరి చేతిలోనో నలిగి, పగతో రాటుదేలినవాడు కాడు. పుట్టుకతోనే స్వేచ్ఛాజీవి, లోకం చూడాలన్న కుతూహలంతో ఇల్లు విడిచినవాడు. పగతీర్చుకునే వీరుడిగా మార్చడంతో సినిమా కోనన్‌ను పూర్తిగా వేరే మనిషిని చేసిందని నా బలమైన అభిప్రాయం. ఆ సినిమాను సినిమాగా ఇష్టపడేవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కథల వరుస గురించి కూడా అదే ఉత్తరంలో సమాధానముంది. సాహసజీవితం గడిపినవాడు తన కథలు చెప్పేటప్పుడు వరుస పాటించడు, ఏది గుర్తొస్తే అది చెబుతాడు, ఎన్నో ఏళ్లూ ఎన్నో దూరాలూ దూకేస్తాడు అన్నాడు హోవార్డ్. రచనాక్రమంలో రెండవ కథ ‘ది ఫ్రాస్ట్-జైంట్స్ డాటర్’ మంచుకొండల మధ్య పడుచు వయసు కోనన్‌ది. దాన్ని, ఆ తరువాతి ‘ది గాడ్ ఇన్ ది బౌల్’నూ రైట్ తిరస్కరించాడు. ఆ దశలోనే హోవార్డ్ ‘ది హైబోరియన్ ఏజ్’ అనే కల్పిత చరిత్ర వ్యాసం రాసుకున్నాడు. అట్లాంటిస్ మునిగిన తరువాత, మనకు తెలిసిన చరిత్రకు ముందు, ఒక యుగాన్ని కల్పించి అందులో ఈజిప్టును తలపించే స్టిజియా, మధ్యయుగపు ఐరోపాను తలపించే అక్విలోనియా, భారతదేశాన్ని తలపించే వెంధ్యా వంటి దేశాలన్నిటినీ ఒకే పటం మీద పేర్చాడు. చారిత్రక కథలంటే అతనికి ప్రాణం, కానీ వాటికి కావలసిన పరిశోధనకు సమయం పట్టేది, తప్పులు దొర్లే భయమూ ఉండేది. ఈ ఊహాయుగం ఆ రెండు చిక్కులనూ తొలగించింది.

మీరు ఏ ప్రతి చదువుతున్నారో కూడా చూసుకోండి. హోవార్డ్ మరణానంతరం 1950లలో నోమ్ ప్రెస్, 1966 నుంచి ఫ్రాంక్ ఫ్రజెటా ముఖచిత్రాలతో లాన్సర్ సంస్థ ఈ కథలను పుస్తకాలుగా తెచ్చాయి. కోనన్‌ను లోకానికి పరిచయం చేసిన ఘనత వాటిదే. అయితే సంపాదకుడు ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్ కొన్ని కథలను సవరించాడు, అసంపూర్ణ కథలను పూరించాడు, హోవార్డ్ ఇతర నాయకుల మీద రాసిన కథలను కోనన్ కథలుగా మార్చాడు, లిన్ కార్టర్‌తో కలిసి కొత్తవీ రాశాడు. హోవార్డ్ టైపు ప్రతులనూ తొలి ముద్రణలనూ ఆధారం చేసుకొని పట్రీస్ లూయినె సంపాదకత్వంలో 2000ల తొలి సంవత్సరాలలో వచ్చిన సంపుటాలలో కథలు రాసిన క్రమంలోనే ఉన్నాయి. మీ ప్రశ్నకు సరిపోయే ప్రతి అదే. ఆ క్రమంలో చదివినప్పుడు కోనన్ వయసు ముందుకూ వెనక్కూ ఊగుతుంది కానీ, హోవార్డ్ చెయ్యి తిరగడం మాత్రం కథకథకూ కనిపిస్తుంది.

సరిహద్దు కథల పాఠకురాలు

పై సూచనను బలపరుస్తూ మరొక రెండు మాటలు. అన్ని కథలూ ఒకే స్థాయిలో ఉంటాయని ఆశించకండి. కొన్నింటిలో ఇతర జాతుల వర్ణన, స్త్రీల చిత్రణ ఈనాడు చదవడానికి బాధ కలిగిస్తాయి, ఆ కాలపు పత్రికలు అలాంటివని చెప్పి వాటిని దాటవేయడం నాకు ఇష్టం లేదు. అదే హోవార్డ్ ‘ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్’లో వెంధ్యా రాణి యాస్మినాను సృష్టించాడు. కథ చివర ఆమె కోనన్ వెంట వెళ్లదు, తన దేశాన్ని ఏలడానికి తన సైన్యం దగ్గరికే వెళుతుంది.

ఈ కథలన్నీ ఎంత తక్కువ కాలంలో, ఎంత ఇబ్బంది మధ్య వచ్చాయో కూడా తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్ల వయసులో అమ్మిన మొదటి కథకు అతనికి మాటకు అర సెంటు చొప్పున 16 డాలర్లు వచ్చాయి. 1935 మే నాటికి ‘వియర్డ్ టేల్స్’ అతనికి 800 డాలర్లకు పైగా బాకీపడింది. ఇంట్లో క్షయతో బాధపడుతున్న తల్లి వైద్యానికి డబ్బు కావాలి. బాకీ తీర్చమని రైట్‌ను ఉత్తరంలో వేడుకోవలసి వచ్చింది. ఆ తరువాత అతను ఎక్కువగా పశ్చిమ సీమ (వెస్టర్న్) కథల వైపు మళ్లాడు. 1935 వేసవిలో రాసిన ‘రెడ్ నెయిల్స్’ అతని చివరి కోనన్ కథ. తల్లి ఇక స్పృహలోకి రాదని తెలిసిన 1936 జూన్ 11 ఉదయం హోవార్డ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు, అప్పటికి అతనికి 30 ఏళ్లు. మరునాడు తల్లి కన్నుమూసింది. ‘రెడ్ నెయిల్స్’ మొదటి భాగం జూలై సంచికలో వచ్చింది.

అతన్ని మనిషిగా తెలుసుకోవాలంటే నొవలీన్ ప్రైస్ 1986లో ప్రచురించిన ‘వన్ హూ వాక్డ్ అలోన్’ చదవండి. ఆమె క్రాస్ ప్లెయిన్స్‌లో ఉపాధ్యాయిని, 1934 నుంచి అతనికి సన్నిహితురాలు. అతనితో జరిగిన సంభాషణలను ఆ రోజులలోనే డైరీలలో రాసిపెట్టుకుంది. పొలాల మధ్య కారు నడుపుతూ, రాయబోయే కథలను పెద్ద గొంతుతో చెబుతూ పోయే హోవార్డ్ అందులో కనిపిస్తాడు. బాటసారి గారూ, కోనన్ కథలను తాను కల్పించినట్టు కాక చెప్పినట్టే అనిపించిందని అతను రాసిన మాట మీకు అనుమానంగా తోచింది కదా, ఆ పేజీలు చదివాక మళ్లీ ఒకసారి ఆ ఉత్తరం తెరవండి.

కథల బాటసారి

తప్పకుండా చదువుతాను. ‘ది ఫీనిక్స్ ఆన్ ది స్వోర్డ్’ ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టాను. ఖాళీ పటంలో సిమ్మీరియాను తన చేత్తో గీస్తున్న రాజు దగ్గరే ఆగిపోయాను. ఫిబ్రవరిలో పద్యంలో చూసిన ఆ దేశం ఎక్కడుందో హోవార్డ్ ఆ పేజీలోనే మొదటిసారి పాఠకులకు చూపించాడన్నమాట.